నాలుగో తాళంచెవి

కార్వేటినగరం,
14 మార్చి 2025, శుక్రవారం.

చిరంజీవి జయచంద్రను అవ్వ నిర్మలమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణముంది. మొన్న మంగళవారం మధ్యాహ్నం మన పొలం పక్క స్తంభం మీద లైన్‌మన్ తిరుమలయ్యకు కరెంటు కొట్టింది. స్తంభం మీద నుంచి గట్టు మీద పడ్డాడు. ప్రాణం ఉంది. ఎడమ భుజం విరిగింది, కుడిచేతి వేళ్ళు కాలాయి. తిరుపతిలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇదంతా నీకు ఫోన్‌లో తెలుసు. కానీ ఫోన్‌లో నువ్వు "సరే అవ్వా, చూద్దాం అవ్వా" అంటావు. ఆ తర్వాత ఎవరేమన్నారో నీకూ గుర్తుండదు, నాకూ ఉండదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయాలి. నకలు నా దగ్గర ఉంచుకుంటున్నాను.

తిరుమలయ్య అజాగ్రత్త మనిషి కాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పెరికాడు. టెస్టర్ పెట్టి తీగలో ఏమీ లేదని చూసుకున్నాడు. ఆ తర్వాతే ఎక్కాడు. ఎక్కాక తీగలోకి కరెంటు వచ్చింది. అది సబ్‌స్టేషన్ నుంచి రాలేదు. మన జనరేటర్ నుంచి వచ్చింది.

మనకూ పక్క పొలం ఏబెల్ వాళ్ళకూ బోరు మోటారు ఒకటే. మీ తాత, ఏబెల్ నాయన కలిసి వేయించిన బోరు. కరెంటు సర్వీసు వాళ్ళ పేరున ఉంది, జనరేటర్ మనది. ఒక మోటారుకు రెండు దారుల్లో కరెంటు వస్తుంది కాబట్టి, రెండూ ఒకేసారి కలవకూడదు. కలిస్తే మన జనరేటర్ కరెంటు మోటారుకు పోవడంతో ఆగదు, వాళ్ళ స్విచ్ మీదుగా స్తంభం తీగల్లోకి ఎదురెక్కుతుంది. డిసెంబర్ ఇరవై తొమ్మిదిన నువ్వు బిగించిన తాళాలు ఇందుకే. వాళ్ళ స్విచ్ పెట్టె స్తంభం దగ్గర, మన పెట్టె ఇంటి పక్క జనరేటర్ దగ్గర. రెండు తాళాలకూ చెవి ఒక్కటే. హ్యాండిల్ దించి తాళం వేస్తేనే చెవి బయటికి వస్తుంది. కాబట్టి చెవి నా గోడ మేకుకు వేలాడుతుందంటే, రెండు హ్యాండిళ్ళూ కిందే ఉన్నాయని అర్థం. ఇది నువ్వే నాకు చెప్పావు. ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, నాకూ నచ్చింది.

నీళ్ళ వంతు రోజు విడిచి రోజు; పదకొండో తారీకు వంతు ఏబెల్ వాళ్ళది. అతని భార్య అమల ఉదయం తొమ్మిదికి చెవి తీసుకున్నట్టు నా పుస్తకంలో సంతకం పెట్టింది. పదకొండూ పదికి, కరెంటు పోయిందని తిరిగి ఇచ్చి సంతకం పెట్టింది. ఆ తర్వాత చెవి మేకు మీదే ఉంది. వంతు ఎవరిదైనా, కరెంటు పోయి చెవి మేకు మీదుంటే జనరేటర్ వేసుకోవచ్చని మన ఒప్పందం. ఒకటీ ముప్పై అయిదుకు మామిడి అంట్లు వాడిపోతుంటే నేనే వెళ్ళి జనరేటర్ వేశాను. ఒకటీ ముప్పై ఎనిమిదికి కేకలు విని ఆపాను. మూడు నిమిషాలు. పుస్తకంలో ఉంది.

తర్వాత వెళ్ళి చూస్తే వాళ్ళ హ్యాండిల్ పైకి ఉంది. ఆ తాళంలో ఒక చెవి ఉంది. నా చెవి మన తాళంలో ఉంది.

కరెంటు ఆఫీసు నుంచి ఏఈ గారు వచ్చారు. నా పుస్తకం చూశారు. నియమం ప్రకారం నడుచుకున్నది టీచరమ్మ, దొంగచెవి పెట్టుకున్నది ఏబెల్ అని రాసుకున్నారు.

నీకు ఒకటే ప్రశ్న. తాళాలతో పాటు వచ్చిన చెవులు ఎన్ని? నా పుస్తకంలో మూడని ఉంది. రెండు నా ముందే సుత్తితో పగలగొట్టావు, ఒకటి మిగిలింది. నీ లెక్క కూడా రాయి.

అవ్వ
నిర్మలమ్మ

*

తడ,
19 మార్చి 2025.

అవ్వకు జయచంద్ర నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న అందింది. చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. తిరుమలయ్య మామ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నేను ఐటీఐలో చేరినప్పుడు నాకు మొదటి టెస్టర్ కొనిచ్చింది ఆయనే.

నువ్వు జనరేటర్ వేసినందుకు బాధ పడొద్దు. తాళాల పద్ధతిలో తప్పు లేదు. మా ఫ్యాక్టరీలో పెద్ద మిషన్లన్నిటికీ ఇదే పద్ధతి. చెవి ఒకటే ఉన్నంతవరకు రెండు దారులు కలవనే కలవవు. ఆ తాళం చెన్నైలో ఆర్డరు మీద చేయించింది. మామూలు బీగాల అంగడిలో దానికి మారుచెవి చేయలేరు, ఆ గాడి కోసే మిషన్ వాళ్ళ దగ్గర ఉండదు.

ఇంట్లో కొత్త బల్బులు వేయించుకున్నావా? మెట్ల దగ్గర చీకటిగా ఉందని పోయినసారి చెప్పాను. ఎండ ముదురుతోంది, మధ్యాహ్నం పూట పొలంలోకి పోవద్దు.

చెవుల లెక్క నీ పుస్తకంలో ఉన్నదే. 3 వచ్చాయి. ఏబెల్ అన్న పుత్తూరులో ఎక్కడైనా మారుచెవి చేయించుకుని ఉండొచ్చు. నేను చూడలేదు కాబట్టి ఖచ్చితంగా చెప్పలేను.

ఏబెల్ అన్న ఏమంటున్నాడు? చెవి ఎక్కడిదని చెప్పాడా?

నీ మనవడు
జయచంద్ర

*

కార్వేటినగరం,
23 మార్చి 2025, ఆదివారం.

చి. జయచంద్రకు,

నీ జవాబు రెండుసార్లు చదివాను. రెండో పేరాలో ఆ చెవికి ఏ అంగట్లోనూ మారుచెవి చేయలేరని రాశావు. నాలుగో పేరాలో ఏబెల్ పుత్తూరులో చేయించి ఉండొచ్చని రాశావు. ఈ రెండింటిలో ఒకటే నిజమవుతుంది. పరీక్ష కాగితంలో ఇలా రాస్తే నేను రెండింటికీ సున్న వేసేదాన్ని.

ఇక్కడి సంగతులు. ఇరవయ్యో తారీకున ఏబెల్ సర్వీసు కోసేశారు. స్తంభం నుంచి వాళ్ళ పెట్టెకు వచ్చే తీగ చుట్టి పట్టుకుపోయారు. ఏప్రిల్ పదిహేనున డివిజన్ ఆఫీసులో విచారణ. ఆ రోజు తప్పు ఏబెల్‌దని తేలితే సర్వీసు శాశ్వతంగా రద్దు, పోలీసు కేసు. తేలకుండా ఎలా ఉంటుంది? పుస్తకం నాది, సంతకాలు వాళ్ళవి.

అతనికి ఎకరన్నర టమాటా ఉంది, ఇప్పుడిప్పుడే పూత పట్టింది. ఇప్పుడు మోటారుకు ఒకటే దారి మిగిలింది, అది మన జనరేటర్. కాబట్టి నీళ్ళు ఎవరికి పారాలో ఇప్పుడు నేనే చెప్పాలి. నేను వంతు మార్చలేదు. ఇరవై ఒకటి వాళ్ళ రోజు. పొద్దున్నే జనరేటర్ వేసి, వాల్వు వాళ్ళ వైపు తిప్పి, ఏబెల్‌కు కబురు పంపాను. అతను వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"టీచరమ్మా, మీ పుస్తకంలో నేను దొంగను. దొంగకు నీళ్ళెందుకు పెడతా ఉండారు?"

నీళ్ళు వేరు, విచారణ వేరు అన్నాను. చెవి ఎక్కడిదో చెప్తే సగం సమస్య తీరుతుందని కూడా అన్నాను. దోవలో దొరికిందన్నాడు. ఏ దోవలో, ఏ రోజు అని అడిగాను. "దొరికింది, అంతే," అన్నాడు. పోయి వాల్వు తన చేత్తోనే మూసేసుకున్నాడు. వాళ్ళమ్మ అక్కమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. నాకు వినపడేట్టే అన్నది: "కూటికి గతిలేని కాలంలో కూడా నీళ్ళకు బీగమేసినోళ్ళను సూడలేదు."

రెండు రోజులుగా ఏబెల్, అమల చేతిపంపు నుంచి బిందెలతో మోసి ముందు రెండు వరసలు తడుపుతున్నారు. మిగతా వరసలు ఆకు ముడుచుకున్నాయి.

అబద్ధం చెప్పేవాడు మంచి కథ చెప్తాడు. దోవలో దొరికిందని ఎవడూ చెప్పడు. అతను ఎవరినో కాపాడుతున్నాడు. ఎవరినని నీకు తోస్తున్నదో రాయి. చెవులు ఎన్ని వచ్చాయో మళ్ళీ రాయి. అంకెలో కాదు, అక్షరాల్లో రాయి.

అవ్వ

*

తడ,
28 మార్చి 2025.

అవ్వకు,

మూడు.

ఇంకా ఏం రాయమంటావు? నేను ఇక్కడ సూపర్‌వైజర్ లైసెన్సు మీద పని చేస్తున్నాను. నలభై మంది నేను వేసిన తాళాన్ని నమ్మి మిషన్ల లోపల చేతులు పెడతారు. నేను పెట్టిన తాళాల విషయంలో నా ఊళ్ళో ఒక మనిషి పడ్డాడని ఇక్కడ తెలిస్తే రేపటి నుంచి నా మొహం ఎవరూ చూడరు. ఈ విషయం ఏఈ గారు చూసుకుంటున్నారు కదా, ఆయన పని ఆయన్ని చేయనీ. నువ్వు తవ్వేకొద్దీ అందరికీ నష్టమే.

ఏబెల్ అన్నకు నీళ్ళు ఎలాగైనా పారించు. వాల్వు మూస్తే మళ్ళీ తెరువు. అతను వద్దన్నాడని వదిలేయొద్దు.

ఈ వారం డ్యూటీ మారింది. ఫోన్ తీయలేకపోవచ్చు.

జయచంద్ర

*

కార్వేటినగరం,
2 ఏప్రిల్ 2025, బుధవారం.

జయచంద్రకు,

నిన్న తిరుపతికి వెళ్ళి తిరుమలయ్యను చూసి వచ్చాను. ఉదయం ఏడున్నర బస్సుకు వెళ్ళి సాయంత్రం అయిదుకు వచ్చాను.

కుడిచేతి చూపుడువేలు తీసేశారు. మధ్యవేలు ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదట. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. ఆ రోజు సంగతి నేను అడక్కుండానే చెప్పాడు. అతను తన తప్పు వెతుక్కుంటున్నాడు, అదే నాకు భరించరానిదిగా ఉండింది. ఫ్యూజులు పెరికి జేబులో వేసుకున్నాడట. టెస్టర్ రెండుసార్లు పెట్టాడట.

"ఎక్కేటప్పుడు తీగ సచ్చిపోయినట్టే ఉండిందమ్మా. పైకి పోయి క్లాంపు మీద చెయ్యేసినాను, అప్పుడొచ్చింది. నేనేం మర్సిపోయినాను? మీరు సైన్సు సెప్పినోళ్ళు గదా, మీరు సెప్పండి. యాడ తప్పు చేసినాను?"

తప్పేమీ చేయలేదని చెప్పాను. ఏబెల్ అట్లాంటి పని చేస్తాడని అనుకోలేదని అతనన్నాడు. తన పెళ్ళికి ఏబెల్ నాలుగు రోజులు వచ్చి పని చేశాడట. ఇక నేను జైలుకు పంపమని చెప్పను గానీ, వాడి మొహం చూడలేను అన్నాడు.

జయచంద్రా, ఆ జనరేటర్ వేసింది నేను. నీకు మొదటి ఉత్తరంలో రాశాను. ఏఈ గారి కాగితంలో మాత్రం "జనరేటర్ యజమాని" అని ఉంది, మనిషి పేరు లేదు. తిరుమలయ్యకు తెలియదు. ఎవరు వేశారని అతను అడగలేదు. నేను చెప్పాలనే వెళ్ళాను. మంచం పక్క ముక్కాలి పీట మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. తెచ్చిన బత్తాయిలు వాళ్ళావిడ చేతికిచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వచ్చేశాను. చెప్పలేదు. డెబ్బై నాలుగేళ్ళలో నేను చెప్పాలనుకున్న మాట చెప్పకుండా లేచి రావడం నాకు గుర్తున్నంతవరకు ఇదే మొదటిసారి.

నేను నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఇప్పుడు చెప్తాను.

నువ్వు తెచ్చిన చెవుల మీద అంకెలు పొడిచి ఉంటాయి. నా మేకు మీది దాని మీద ఒకటి. నువ్వు పగలగొట్టిన ముక్కలు నేను పారేయలేదు, బీరువాలో పాత మందుల డబ్బాలో ఉన్నాయి. వాటి మీద రెండు, మూడు. ఆ రోజు ఏబెల్ తాళంలో దొరికిన చెవిని ఏఈ గారు సంచిలో వేసే ముందు నా చేతిలో పెట్టి, ఇది మీదేనా అని అడిగారు. కాదన్నాను. దాని మీద నాలుగు అని ఉంది.

అది పదకొండో తారీకు సాయంత్రం. నీకు రాసిన రెండు ఉత్తరాలూ ఆ అంకెను చూసిన తర్వాత రాసినవే. నువ్వు నీ అంతట నువ్వు చెప్తావని ఎదురుచూశాను. నువ్వు రెండుసార్లు మూడు అని రాశావు, రెండోసారి అక్షరాల్లో.

ఏఈ గారికి ఆ అంకె అర్థం తెలియదు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు, అందుకే నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఇరవై రోజులుగా ఒక మనిషి దొంగ అనిపించుకుంటున్నాడు. వాడు దొంగ కాడని తెలిసినవాళ్ళం ఇద్దరం ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నాం.

వెనక వరసల్లో పూత రాలిపోయింది. ముందు వరసలు ఇంకా నిలబడి ఉన్నాయి. వాల్వు తెరిచాను, నువ్వు రాసినట్టే. అమల వచ్చి మూసింది. నన్ను చూడలేదు.

నాలుగో చెవి వాళ్ళకు ఎందుకిచ్చావు? ఇది ఒక్కటి చెప్పు.

అవ్వ

*

తడ,
5 ఏప్రిల్ 2025.

అవ్వా,

నాలుగు వచ్చాయి. మా ఫ్యాక్టరీలో ఒక చెవిని సీలు వేసి సూపర్‌వైజర్ దగ్గర దాచాలని నియమం. అలవాటుగా ఒకటి జేబులో వేసుకున్నాను. నువ్వు ఒకటి తప్ప అన్నీ పగలగొట్టమన్నావు. వాదించడం ఎందుకని మూడే చూపించాను. అంతవరకు నా తప్పు. తప్పే.

ఎందుకిచ్చావని అడిగావు. చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

జనవరి పద్దెనిమిది శనివారం నేను ఇంటికి వచ్చాను. అది వాళ్ళ వంతు. మధ్యాహ్నం నువ్వు పడుకున్నావు. నేను వసారాలో ఉన్నాను. గేటు బయట అమలక్క నిలబడి ఉంది. లేచి వెళ్ళి ఏమిటని అడిగాను. పన్నెండున్నరకు కరెంటు పోయిందట, నియమం ప్రకారం చెవి తెచ్చి ఇచ్చి పోయిందట. ఒంటిగంటా అయిదుకు మళ్ళీ కరెంటు వచ్చిందట. చెవి కోసం వస్తే గేటు గడియ పడి ఉంది. ఒకటి నుంచి మూడు దాకా నువ్వు గేటు తీయవు. పొద్దున్నుంచి అది ఆమెకు అయిదోసారి రావడం. నేను మేకు మీద చెవి తీసిస్తానన్నాను. ఆమె ఏమన్నదో తెలుసా?

"వద్దులేప్పా. టీచరమ్మ లేచి పుస్తకం సూసిందంటే సంతకం లేదంటాది. రేపు మా అత్తను పిలిచి అడుగుతాది. మూడు దాకా ఉంటానులే, నాకేమైనా కొత్తా?"

నీడ కూడా లేదు అక్కడ. కరెంటు ఉంది, మోటారు ఉంది, నీళ్ళున్నాయి. చెవి పది అడుగుల దూరంలో వేలాడుతోంది. ఆమె రెండు గంటలు నిలబడింది. మూడుకు నువ్వు లేచి చెవి ఇచ్చావు. మూడూ ఇరవైకి మళ్ళీ కరెంటు పోయింది.

మరుసటి రోజు పొద్దున ఆ నాలుగో చెవి ఆమె చేతిలో పెట్టాను. అవ్వ దగ్గర రోజూ ఒకసారి తీసుకుని తిరిగి ఇచ్చేయండి, మిగతా రోజంతా దీన్ని వాడుకోండి, కరెంటు పోతే మాత్రం హ్యాండిల్ దించకుండా కదలొద్దు అని రెండుసార్లు చెప్పాను. ఏడు వారాలు ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. పదకొండో తారీకు మధ్యాహ్నం, మధ్యలో వచ్చిన కరెంటు మళ్ళీ పోయిన క్షణంలోనే ఇంట్లో అక్కమ్మవ్వ కళ్ళు తిరిగి పడిపోయిందని కేక వినపడింది. పరిగెత్తింది. హ్యాండిల్ పైనే ఉండిపోయింది.

ఇంకొకటి గుర్తుందా? డిసెంబర్‌లో నేను మొదట చెప్పింది తాళాలు కాదు. మోటారు దగ్గరే ఒకే హ్యాండిల్ స్విచ్ పెడదామన్నాను. పైకి వేస్తే స్తంభం కరెంటు, కిందికి వేస్తే జనరేటర్, మధ్యలో ఉంటే రెండూ లేవు. చెవి అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. ఒక హ్యాండిల్ ఒకేసారి పైకీ కిందికీ ఉండలేదు. మోటారు గది వాళ్ళ గట్టు మీద ఉంది. నువ్వన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది: "వాళ్ళ గట్టు ఎక్కి స్విచ్ వేసుకునే గతి నాకు పట్టలేదు."

పదకొండు రాత్రే ఏబెల్ అన్నకు ఫోన్ చేశాను. నా పేరు చెప్పేయమన్నాను. చెప్పమని గట్టిగా అన్నానో లేదో నాకే తెలియదు. "నీ లైసెన్సు పోతే మళ్ళా రాదప్పా. టమాటా పోతే మళ్ళా నాటుకుంటాను," అన్నాడు. నేను ఊరుకున్నాను.

నువ్వేం చేయమంటే అది చేస్తాను. లైసెన్సు పోతే పోనీ.

జయచంద్ర

*

కార్వేటినగరం,
9 ఏప్రిల్ 2025, బుధవారం.

చిరంజీవి జయచంద్రకు,

నీ ఉత్తరం సోమవారం అందింది. రెండు రోజులు జవాబు రాయలేదు. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

తాళాలు పెట్టిన తర్వాత జనవరి పద్దెనిమిది వరకు వాళ్ళ వంతు రోజులు పది. ఆ పది రోజుల్లో అమల చెవి తీసుకున్నట్టు సంతకాలు నలభై మూడు. జనవరి ఇరవై నుంచి మార్చి పదకొండు వరకు వంతు రోజులు ఇరవై ఆరు. సంతకాలు ఇరవై ఆరు. రోజుకు ఒకటి. ఆ ఎండల్లో వ్యవసాయ కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయి వస్తుంటే, రోజుకు ఒక్క సంతకమే ఎలా ఉంటుందని నేను అడగలేదు. ఫిబ్రవరి చివర పక్క గడిలో నా చేతిరాతతో ఒక మాట ఉంది: "క్రమశిక్షణ మెరుగుపడింది."

చెవి ఇచ్చిన వేళలూ తీసుకున్న వేళలూ చూసి, మొదటి పది రోజుల్లో నా మూసిన గేటు వల్ల వాళ్ళకు పోయిన నీళ్ళ సమయం లెక్కగట్టాను. పదమూడు గంటల ఇరవై నిమిషాలు. నువ్వు పెంచి చెప్తున్నావనుకున్నాను. నువ్వు తక్కువే చెప్పావు.

పుస్తకంలో లేనిది కూడా ఒకటుంది. జనవరి మొదటి వారంలో అక్కమ్మ వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, ఒకటి నుంచి మూడు దాకా చెవి బయట గూట్లో పెట్టి పడుకోండి, ఎండలో కోడలు తిరగలేకపోతా ఉండాది అని అడిగింది. ఒకరికి సడలిస్తే నియమం నిలవదని చెప్పి పంపేశాను. ఆ పుస్తకంలో జనరేటర్ నడిచిన ప్రతి నిమిషమూ ఉంది. డీజిల్ ఏ డబ్బాలోంచి పోశానో ఉంది. అక్కమ్మ వచ్చిందని లేదు. ఏఈ గారు ఆ పుస్తకం చూసే నన్ను మెచ్చుకున్నారు.

మొన్న సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. గట్టు ఎక్కి వెళ్ళాను, ఆ దారి నాకు తెలియనిదేమీ కాదు. ఏబెల్ లేడు. అక్కమ్మ మంచం మీద ఉంది, అమల చాట ముందు పెట్టుకుని కూర్చుంది. నాకు నాలుగో చెవి సంగతి తెలుసని చెప్పాను. అమల చాట పక్కన పెట్టింది. ఎవరు చెప్పారని అడిగింది. నువ్వే రాశావని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. నీ గురించి కాదు, తిరుమలయ్య గురించి. ఆయన వేళ్ళు తన వల్లే పోయాయని నెల రోజులుగా అనుకుంటోందట. హ్యాండిల్ దించి పరిగెత్తడానికి ఎంతసేపు పట్టేదమ్మా అని నన్ను అడిగింది. ఆమెకు చెప్పాను: దించలేదు, నిజమే. కానీ జనరేటర్ వేసే ముందు నేను నాలుగు వందల అడుగులు నడిచి వచ్చి నీ హ్యాండిల్ చూసుంటే ఆయన పడేవాడు కాడు. నడిచే అవసరం లేదని నా మేకు నాకు చెప్పింది. నేను మేకును నమ్మాను.

అక్కమ్మ అంతా విని, "ఇప్పుడైనా వచ్చినావు, కూర్చో," అన్నది. కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చారు, తాగాను. నీళ్ళ సంగతి నేను ఎత్తలేదు. లేచేటప్పుడు అమలే అడిగింది, రేపు ఎవరి వంతని. మీదేనని చెప్పాను. సరేనన్నది. నిన్న ఉదయం ఆరు గంటలకు వాల్వు తెరిచాను, ఎవరూ మూయలేదు. ముందు వరసలన్నీ తడిశాయి. వెనక సగం మాత్రం ఇక రాదు.

నీ లైసెన్సు సంగతి. పోతుందో ఉంటుందో నాకు తెలియదు. ఉండాలనే కోరుకుంటున్నాను, నీకు ఆ పని తప్ప వేరే ఏ పనీ ఇష్టం లేదని తెలుసు. కానీ నీ తాళాన్ని నమ్మి మిషన్లలో చెయ్యి పెట్టే నలభై మందికి, నువ్వు ఎన్ని చెవులున్నాయో నిజం చెప్పే మనిషివని తెలియాలి. అది తెలియకుండా ఉండే లైసెన్సు నీకు వద్దు.

విచారణకు ఇంకా ఆరు రోజులున్నాయి. జరగవలసినవి వరసగా రాస్తున్నాను. ఈ వరస తప్పకూడదు.

1. నువ్వు ఏప్రిల్ పన్నెండు శనివారం రాత్రికి ఇక్కడికి చేరాలి. పద్నాలుగు సెలవు. పదిహేనుకు మాత్రం సెలవు పెట్టు, కారణం దాచకుండా రాసి పెట్టు.

2. పదమూడు ఆదివారం ఉదయం మనిద్దరం తిరుపతికి వెళ్ళాలి. ఆఫీసులో చెప్పక ముందు తిరుమలయ్యకు చెప్పాలి. ముందు నేను చెప్తాను, తర్వాత నువ్వు. అతను ఏమన్నా వినాలి. ఏమీ అనకపోయినా కూర్చోవాలి.

3. అమలను రమ్మని మనం అడగకూడదు. ఆమె తన అంతట తాను వస్తానంటే బస్సులో నా పక్కన చోటుంచాలి.

4. పద్నాలుగున నాలుగు చెవుల సంగతి, ఏ రోజు ఎవరికి ఎందుకిచ్చావన్నది నీ చేతిరాతతో రెండు ప్రతులు రాసి సంతకం పెట్టు. అందులో నా గేటు సంగతి మెత్తగా రాయకు. నువ్వు నాకు రాసినట్టే రాయి.

5. పదిహేనున పుస్తకం నేను తీసుకొస్తాను. అక్కమ్మ అడిగిన సంగతి జనవరి పేజీలో ఇరికించను. ఏప్రిల్ తొమ్మిది తారీకు వేసి, అప్పుడు రాయలేదని ఒప్పుకుంటూ రాశాను.

6. ఏబెల్ సర్వీసు తిరిగి ఇవ్వమని దరఖాస్తు మన పేరున పెట్టాలి, అతని పేరున కాదు. తప్పు చేయనివాడు అడుక్కోకూడదు. అది ఇచ్చేంతవరకు జనరేటర్ నీళ్ళు వంతు ప్రకారం ఇద్దరికీ. వెనక వరసల్లో పోయిన పంటకు ఏం చేయాలన్నది ఏబెల్ చెప్పాలి, మనం కాదు.

7. సర్వీసు వచ్చాక తీగ బిగించే ముందే నీ ఒకే హ్యాండిల్ స్విచ్ మోటారు గదిలో పెట్టాలి. నీ చేత్తో కాదు. ఏఈ గారు పంపిన మనిషి బిగించాలి, నువ్వు పక్కన నిలబడి చూడాలి. మధ్యలో ఉన్నప్పుడు లైన్‌మన్ తన తాళం తాను వేసుకునేందుకు దానికి కన్నం ఉండాలి. ఆ తాళానికి చెవులెన్నో మనకు అనవసరం.

8. నా గేటుకు లోపలి గడియ పీకేయించాను. ఇది జరిగిపోయింది, నీకు తెలియాలని రాస్తున్నాను.

9. విచారణలో నేను మాట్లాడేటప్పుడు నువ్వు అడ్డు రాకూడదు. అవ్వ పెద్దది, ఎండ దెబ్బ, నియమం ప్రకారమే చేసింది, ఇలాంటివేవీ చెప్పకూడదు. తిరుమలయ్య స్తంభం మీద ఉండగా జనరేటర్ వేసింది నిర్మలమ్మ అని ఆ కాగితంలో పేరుతో రాయించాలి. రాసిన తర్వాత నాకు చదివి వినిపించమని అడుగుతాను. విన్న తర్వాతే సంతకం పెడతాను.

అవ్వ
నిర్మలమ్మ